మాడు మీద చెయ్యి

బొగొటా,
1996 మార్చి 9

పెద్దమ్మా,

ఇక్కడ అందరం క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సోమవారం ఉదయం నుబియా అక్కకు పాప పుట్టింది. ఏడో నెల నిండకుండానే. బస్సులో వచ్చేటప్పుడే అక్క కళ్ళ ముందు మెరుపులు కనబడుతున్నాయంది. దారిలో ఒక ఆసుపత్రిలో రక్తపోటు చూసి, బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పండడానికని సూది వేశారు. అది తలను కూడా కాస్త కాపాడుతుందట. తర్వాత అంబులెన్సులో ఇక్కడికి పంపారు. కాన్పయ్యాక అక్కకు రెండుసార్లు ఫిట్సు వచ్చాయి. ఇప్పుడు నిద్రలోనే ఉంటోంది. నన్ను గుర్తుపడుతుంది, కానీ అమ్మా అని పిలుస్తోంది. పాప తండ్రి ఊసు ఎత్తవద్దని ముందే చెప్పింది కాబట్టి ఎత్తడం లేదు. అంటే ఇక్కడ ఈ బిడ్డకు ఉన్నది నేనొక్కణ్ణే.

ఒక కిలో నూట యాభై గ్రాములు. నీ ఉన్ని టోపీలో పట్టేస్తుంది. గాజు పెట్టెలో ఉంచారు. చర్మం ఉల్లిపొరలా ఉంది, లోపల రక్తం నడవడం కనిపిస్తుంది.

మూడో రోజు డాక్టర్ ఒస్పీనా అనే ఆవిడ పాప మాడు మీద చల్లటి జిగురు రాసి, ఒక చిన్న యంత్రం ఆనించింది. మాడంటే జబ్బు దూరే చోటని కదా మనం అనుకుంటాం. వీళ్ళకు అది కిటికీ. అందులోంచి మెదడు చూస్తారు. తెరంతా మన కొండ మీద తెల్లవారుజాము పొగమంచులా బూడిదరంగుగా ఉంది. ఆ మంచులో ఎడమ పక్క ఒక తెల్లటి మబ్బు తునక. అది రక్తమట.

ఇంత చిన్న పిల్లల మెదడు నడుమ రక్తనాళాలు తడిసిన నూలుపోగుల్లా ఉంటాయని, మొదటి మూడు రోజుల్లోనే ఎక్కువగా చిట్లుతాయని ఆవిడ చెప్పింది. ఇప్పటికి చిన్నదే. పెరిగితే లోపలి నీటికి దారి మూసుకుపోయి తల ఉబ్బుతుంది. కాళ్ళకు ఆజ్ఞలు తీసుకుపోయే తీగలు సరిగ్గా ఆ పక్కనుంచే పోతాయట. ఆ రక్తాన్ని తీసేసే మందు లేదు. చేయగలిగింది ఇంకా చిట్లకుండా చూడడమే. తల నిటారుగా నడిమధ్య ఉండాలి, పక్క తలవైపు కాస్త ఎత్తుగా ఉండాలి. గుడ్డ మార్చేటప్పుడు కూడా కాళ్ళు పైకెత్తకూడదు. తల కిందికి పోతే రక్తమంతా అక్కడికే దూకుతుంది. వెలుతురు తక్కువ, చప్పుడు తక్కువ, వెచ్చదనం, చుక్క చుక్కగా అక్క పాలు.

ఇంతేనా వైద్యం అని నేను గట్టిగా అడిగాను. ఆవిడ పెదవుల మీద వేలు పెట్టుకుంది. చప్పుడు తక్కువ అన్నది నాకూ వర్తిస్తుందట.

అమింతా అనే నర్సు ఒక చిన్న పుస్తకం ఇచ్చింది, మూడుసార్లు చదివాను. బంధువులకు రోజుకు ఒక్క గంటే అనే నియమం ఎంత అన్యాయమో అధికారులకు అర్జీ రాస్తున్నాను.

నువ్వు రావద్దు. దూరం. పైగా దుంపల తవ్వకం.

లిబార్దో


పెన్యా నెగ్రా,
మార్చి 17

ఒరేయ్ లిబార్దో,

దుంపల తవ్వకమని రావద్దన్నావు. నేను దుంపలు తవ్వడం మానేసి ఆరేళ్ళయింది, నీకూ తెలుసు. నేనొస్తే పాపను ముట్టుకుంటానని నీ భయం. ఆ మాటే రాసి ఉంటే బాగుండేది.

అక్కకు కోడి పులుసు పట్టించు, ఉప్పు లేకుండా. తాగనంటే బెల్లం నీళ్ళలో కాస్త దాల్చినచెక్క వేసి కాచి ఇవ్వు. అమ్మా అని పిలిస్తే పలుకు. నష్టమేం లేదు.

నువ్వు రాసినవన్నీ చదివాను. మాడు కిటికీ అన్నావు, బాగుంది. కానీ దాని సంగతి ఆ డాక్టర్లకు ఒకటి తెలియదు. బిడ్డ అదిరిపడితే మాడు లోపలికి కుంగుతుంది. కుంగితే పాలు తాగదు, కళ్ళు లోపలికి పోతాయి. ముప్పై ఏళ్ళుగా ఈ కొండ మీద అలాంటి బిడ్డలను నా దగ్గరికే తెస్తున్నారు. కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసి, అరికాళ్ళ మీద మూడు దెబ్బలు కొట్టి, అంగిలి వేలితో పైకి నొక్కితే మాడు లేస్తుంది. ఎర్మెలిందా ముగ్గురు పిల్లలనూ అలాగే నిలబెట్టాను. మన పాపకు మాడు ఎలా ఉంది? వేలు ఆనించి చూసి రాయి. గుంట పడితే చెప్పు, దుంపల బస్తాల మీద కూర్చునైనా వస్తాను.

నీ ఉత్తరం ఎప్పటిలాగే అబెలీనోకు చదివి వినిపించాను. రేడియో విప్పదీసుకుని కూర్చున్నాడు. "మా తమ్ముడు అరుస్తున్నాడంటే వాడు క్షేమమే. అరవడం మానితే చెప్పు, అప్పుడు భయపడదాం" అన్నాడు.

మీ పెద్దమ్మ,
ఎతెల్వినా


బొగొటా,
మార్చి 26

పెద్దమ్మా,

పాప ఇప్పుడు గాజు పెట్టెలో లేదు. నా మీద ఉంది.

పసివాళ్ళను పొట్టసంచిలో మోసే దూరదేశపు జంతువు ఒకటుంది. ఈ పద్ధతికి దాని పేరే పెట్టారు. అక్క ఇంకా లేవలేదు కదా, అమింతా నా దగ్గరికి వచ్చి, "నీ ఛాతీ ఖాళీగానే ఉందిగా, అబ్బాయ్? చొక్కా విప్పు" అంది. వాలు కుర్చీలో కూర్చోబెట్టి, పాపను కప్పలా కాళ్ళు ముడిచి నా ఛాతీకి నిలువుగా ఆనించి, పొడుగాటి గుడ్డతో కట్టేసింది. తల ఒక పక్కకు, గడ్డం కాస్త పైకి. నా ఒంటి వేడే ఆమెకు పొయ్యి. నా ఊపిరి వింటూ తన ఊపిరి మరిచిపోకుండా ఉంటుందట.

మా వరసలో ఏడు కుర్చీలు. అందరం పైకప్పు వంకే చూస్తుంటాం. నా పక్కనున్న ఆయన బస్సు డ్రైవరు. కవలల్లో ఒకరు ఆయన మీద, ఇంకొకరు భార్య మీద. "ఇంతమంది మగాళ్ళు నోరు మూసుకుని కూర్చోవడం నా బస్సులో ఎప్పుడూ చూడలేదయ్యా" అంటాడు గుసగుసగా. నవ్వితే బిడ్డలు కదులుతారని అందరం ముక్కుతో నవ్వుతాం.

మధ్యాహ్నాలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో తెలియడం లేదు. తెరల వెనక వెలుతురు పాలరంగులో ఉంటుంది. సగం మెలకువ, సగం నిద్ర. నేను మనిషిని కాదు, కొండనని అనిపిస్తుంది. నా మీద ఎక్కడో ఒక చిన్న గుడిసె, లోపల నిప్పు ఉంది, దాన్ని ఆర్పకుండా నేను మెల్లగా గాలి పీల్చాలి. ఒక్కోసారి నీటి అడుగున ఉన్నట్టు, పైన ఎవరో మా పేర్లు పిలుస్తున్నట్టు ఉంటుంది. ఆ కల నాదో ఆమెదో చెప్పలేను. ఇంత చిన్న తలలో కలలు ఎలా పడతాయో. ఆ మబ్బు తునక పక్కనుంచే రావాలి కదా అవి కూడా.

మచ్చ పెరగలేదు, తగ్గలేదు. మళ్ళీ సోమవారం చూస్తారు. శుక్రవారం ఒక సంగతి జరిగింది. అది తర్వాత రాస్తాను.

నీ ఉత్తరానికి జవాబు రాయాలి. మాడుకు వేలు ఆనించి చూడమన్నావు. చూడను. నీ ఉత్తరం చదివి డాక్టర్ ఒస్పీనా దగ్గరికి వెళ్ళి అడిగాను. మాడు అదురుకు కుంగదు పెద్దమ్మా, ఒంట్లో నీళ్ళు తగ్గితే కుంగుతుంది. నువ్వు తిప్పి, కొట్టి, తల్లికిచ్చాక, ఆ తల్లి ఇంటికెళ్ళి చెంచాతో నీళ్ళు పోస్తే బిడ్డ బతుకుతుంది. పేరు నీకొస్తుంది. బతకని వాళ్ళను దేవుడి ఖాతాలో వేస్తాం.

ఈ కుర్చీలో కూర్చుని ఒక విషయం ఆలోచించాను. నేనూ అబెలీనో కవలలం, మేమూ ఏడో నెలలోనే పుట్టాం. నేను నడుస్తాను, పరిగెత్తుతాను. వాడి కాళ్ళు కత్తెరలా బిగుసుకుపోతాయి. రెండు కర్రలు లేనిదే గుమ్మం దాటలేడు. పంతొమ్మిదేళ్ళుగా అది దేవుడి పని అన్నావు. సూటిగా అడుగుతున్నాను. వాణ్ణి తలకిందులు చేశావా? చేసి ఉంటే నువ్వు వైద్యురాలివి కాదు. అజ్ఞానం చేతుల్లోకి వచ్చి కూర్చుంటే ఎలా ఉంటుందో అదే నువ్వు. ఈ పాపను నీ గుమ్మం తొక్కనివ్వను.

లిబార్దో


పెన్యా నెగ్రా,
ఏప్రిల్ 8

లిబార్దో,

అవును, తిప్పాను. పుట్టిన పదకొండో రోజు.

మీ అమ్మ మిమ్మల్ని కని మూడో రోజు పోయింది. నా చెల్లెలు. మీరిద్దరూ ఒలిచిన మొక్కజొన్న పొత్తుల్లా ఉన్నారు. డాక్టరు లేడు, రోడ్డు లేదు, ఆ నెలంతా వాన. ఇద్దరినీ నేను కప్పుకునే ఉన్ని రువానా కింద కట్టుకుని చూశాను. ఒకడు నిలిస్తే ఒకడు జారేవాడు. పాలు పిండాలి, కట్టెలు తేవాలి, ఐదేళ్ళ నుబియాకు వండాలి. నాకున్నది ఒక్క ఛాతీ. ఇద్దరిలో నువ్వు చిన్నవాడివి. నీలంగా ఉండేవాడివి. అందుకని నిన్ను కట్టుకున్నాను. వాడు బలంగా ఉన్నాడు కదా అని పెట్టెలో గొర్రె ఉన్ని పరిచి పొయ్యి పక్కన పడుకోబెట్టాను. రెండు నెలలు నువ్వు నా ఒంటి మీంచి దిగలేదు. నీకు ఆ కుర్చీలో ఎవరో కొత్తగా నేర్పారన్న విద్య నేను నీ మీదే నేర్చుకున్నాను.

పదకొండో రోజు వాడి మాడు కుంగింది. నాకు తెలిసింది చేశాను.

వాడు ఏడాదైనా కూర్చోకపోతే అప్పుడు ఆలోచించడం మొదలుపెట్టాను. తిప్పినందుకా, పెట్టెలో పెట్టినందుకా, రెండూ కాదా? ఎవరిని అడగను? నీ డాక్టరమ్మను అడుగు. నా పేరు చెప్పే అడుగు. ఏమన్నా సరే దాచకుండా రాయి.

ఉత్తరాలు వాడికి పైకి చదవడం అలవాటు కదా. నీది సగంలో ఆపేశాను. "చదువు" అన్నాడు. చదివాను. అంతా అయ్యాక ఆ రేడియో తీగ ఒకటి వేలికి చుట్టుకున్నాడు.

"పెట్టె వెచ్చగా ఉండేదా, పెద్దమ్మా?" అన్నాడు.

"ఉండేదిరా" అన్నాను.

"అయితే చాల్లే" అన్నాడు. పొయ్యిలో కట్టె ఎగదోయమన్నాడు.

కింద వాడు రెండు ముక్కలు రాస్తానన్నాడు.

ఎతెల్వినా

తమ్ముడూ, నా కాళ్ళ గురించి ఊరికీ డాక్టర్లకూ ఉపన్యాసం ఇచ్చేముందు నన్నొక మాట అడగాలి. అవి నావి. పాపను జాగ్రత్తగా మొయ్యి. నీకు ఛాతీ మీద బతకడం అలవాటేనట కదా. అబెలీనో.


బొగొటా,
ఏప్రిల్ 19

పెద్దమ్మా,

నీ ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. రోజూ కాగితం తీస్తున్నాను, మడిచేస్తున్నాను.

ముందు శుక్రవారం సంగతి. రోజుకు ఒక్క గంటే అన్న నియమాన్ని అమింతా మా కుర్చీలకు పట్టించుకోదు, కానీ ఆ రోజు గంట అయిపోయిందని కాపలావాడు వచ్చి డ్రైవరు భార్యను లేవమన్నాడు. ఆవిడ మీద బిడ్డ అప్పుడే నిద్రపోయింది. నా అర్జీకి జవాబు రాలేదన్న కోపం నాలో ముందే ఉంది. లేచి నిలబడ్డాను. పాప నా ఛాతీకి కట్టి ఉందన్న ధ్యాసే లేదు. తల్లీబిడ్డలను గడియారంతో విడదీసే హక్కు ఎవరిచ్చారని మొదలుపెట్టాను. పుస్తకాల్లో చదివిన మాటలన్నీ వరసగా వచ్చాయి. అందరూ నా వైపే చూస్తున్నారు. బాగుంది అనుకున్నాను, పెద్దమ్మా. నిజంగా అలాగే అనుకున్నాను.

నేను చేతులు ఊపుతుంటే గుడ్డ వదులైంది. పాప కిందికి జారింది. గడ్డం గుండెకు ఆనుకుని మెడ ముడుచుకుపోయింది. అంత చిన్న గొంతు మూసుకోవడానికి అది చాలు. అమింతా పరిగెత్తుకొచ్చి నా ఛాతీ మీంచి ఆమెను లాక్కునేసరికి పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. తల సరిచేసి, వీపు రుద్ది, చిన్న సంచితో గాలి కొట్టింది. నేను అక్కడే చొక్కా లేకుండా నిలబడ్డాను. అర నిమిషమట. మళ్ళీ ఏడ్చింది. పిల్లి కూన అరిచినట్టు, సన్నగా.

అమింతా తిట్టలేదు. మళ్ళీ నన్నే కూర్చోబెట్టి, మళ్ళీ నాకే కట్టింది. "ఈ పిల్లకు నాయకుడు వద్దు. కుర్చీ కావాలి. కుర్చీలా ఉండు" అంది.

నీకు ఆ ఉత్తరం రాసింది దాని తర్వాత నాలుగో రోజున. నా చేతులు చేసింది దాచుకుని నీ చేతుల మీద రాశాను.

సోమవారం స్కాన్ చూసేటప్పుడు నేను తెర వంక చూడలేకపోయాను. మచ్చ పెరగలేదు. నీటి దారి తెరిచే ఉంది. మొన్న మళ్ళీ చూశారు, అంచులు చెరుగుతున్నాయి. అయినా ఇప్పుడే ఏదీ చెప్పలేమంది డాక్టర్. కాళ్ళ సంగతి ఏడాది దాటాకే తెలుస్తుంది. అప్పటిదాకా రోజూ చేయించాల్సిన కదలికలు అక్కకు నేర్పుతున్నారు. అక్క లేచింది. ఇప్పుడు పాప ఆమె మీదే ఉంటోంది, ఒదిలియా అని పేరు పెట్టింది. నా ఛాతీ ఖాళీ అయిపోయి, గాలి తగిలితే చలి వేస్తోంది.

నీ ప్రశ్న డాక్టర్ ఒస్పీనాను అడిగాను, నీ పేరు చెప్పే. ఆవిడ అన్నది మాట పోకుండా రాస్తున్నాను. "ఎవరూ తిప్పకపోయినా, ఎవరూ పెట్టెలో పెట్టకపోయినా, ఏడో నెల పిల్లలకు ఇలా అవుతుంది. మీ అన్న మాడు ఎప్పుడో మూసుకుపోయింది, ఇప్పుడు నేను అందులోంచి ఏదీ చూసి చెప్పలేను. ఇక ముందు ఏ బిడ్డనూ తిప్పవద్దని మాత్రం ఆమెతో చెప్పు. రువానా కింద కట్టుకోవడం ఆమెకు ఎవరు నేర్పారో కూడా కనుక్కుని నాకు చెప్పు."

మే నెలలో అక్క పాపను కట్టుకుని బస్సులో మీ దగ్గరికి వస్తుంది. గుమ్మం తొక్కనివ్వనని రాశాను. ఆ మాట మీద నిలబడే అర్హత నాకు లేదు. నన్ను ఇక్కడే ఉండమన్నారు, కొత్తగా వచ్చే తండ్రులకు గుడ్డ కట్టడం నేర్పాలి. ఉంటాను.

భయం మాత్రం పోలేదు, దాచకుండా రాస్తున్నాను. ఏదో ఒక రోజు మాడు కుంగుతుంది. కొండ మీద ఆడవాళ్ళంతా నీ గుమ్మంలో నిలబడతారు. అప్పుడు నీ చేతులు ఏం చేస్తాయో నాకు తెలియదు. నీకు తెలుసా?

లిబార్దో


పెన్యా నెగ్రా,
ఆగస్టు 4

లిబార్దో,

నువ్వడిగిన రోజు వచ్చి వెళ్ళింది. తొందరపడకు, పిల్ల బాగుంది. ఇప్పుడే పాలు తాగి నిద్రపోయింది. ముందు ఇది రాసి మిగతాది తర్వాత రాయమని అబెలీనో అన్నాడు.

రెండు వారాల కిందట మంగళవారం నుంచి విరేచనాలు పట్టుకున్నాయి. బుధవారానికి పాలు ముట్టలేదు. గురువారం పొద్దున చూస్తే మాడులో నా బొటనవేలు పట్టేంత గుంట. ఏడిస్తే కన్నీళ్ళు రావడం లేదు.

కబురు ఎలా పోయిందో గానీ ఎర్మెలిందా వచ్చింది, వెనక ఇంకో నలుగురు. ఇంకా చూస్తున్నావేం, ఎతెల్వినా, అని గొడవ. నేను వాళ్ళకు జవాబు చెప్పగలిగేదాన్నే. కానీ నుబియా వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు నెలలు ఆ ఆసుపత్రిలో ఉండి, కాళ్ళు ఎత్తకూడదు, తల వంచకూడదు అని మాకందరికీ పాఠాలు చెప్పిన పిల్ల. పాపను నా చేతుల్లో పెట్టింది.

"పెద్దమ్మా, తిప్పు. నీకు దణ్ణం పెడతాను. ఒక్కసారి తిప్పు" అంది.

నువ్వు అడిగావు, నా చేతులు ఏం చేస్తాయో నాకు తెలుసా అని. తెలియదు. నుబియా ఆ మాట అనకముందే నా చెయ్యి పాప చీలమండల చుట్టూ ఉంది. ముప్పై ఏళ్ళ అలవాటు, మనసును అడగదు. రెండు చీలమండలూ కలిపి నా మూడు వేళ్ళ సందున పట్టాయి. అక్కడే ఆగాను. ఎంతసేపో తెలియదు. గదిలో ఎవరి మాటా వినబడలేదు. మబ్బులో నిలబడినట్టు, అంతా తెల్లగా అయిపోయింది.

అప్పుడు అబెలీనో మాట్లాడాడు. గట్టిగా కాదు. "పెద్దమ్మా, వదిలేయ్" అన్నాడు.

వదిలేశాను.

పాపను నా రువానా కింద నిలువుగా కట్టుకున్నాను. నుబియాకు ఇవ్వలేదు. ఆరోగ్య కేంద్రం వాళ్ళు ఇచ్చిన ఉప్పు చక్కెర పొట్లం కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి సీసాలో పోశాను. ఎర్మెలిందా గుమ్మంలో అడ్డం నిలబడి, నీ సొంత బిడ్డకు చేయనిదానివి మా బిడ్డలకు ఎందుకు చేశావని అడిగింది. పక్కకు జరగమన్నాను.

పట్నం పోయే దుంపల లారీ ఎక్కాం. నాలుగు గంటలు. నుబియా పక్కన కూర్చుని చెంచాతో పాప పెదవుల మీద నీళ్ళు పోస్తూ ఉంది. సగం కారిపోయేది, సగం లోపలికి పోయేది. లారీ ఎగిరినప్పుడల్లా పాప తల కదలకుండా నా గడ్డం ఆనించాను. మంచులోంచి గొర్రెలు కనబడేవి, మాయమయ్యేవి. ఒకచోట నాకు నిద్రపట్టింది కాబోలు. నేను మోస్తున్నది ఒదిలియాను కాదు, అబెలీనోను అనిపించింది. పంతొమ్మిదేళ్ళు ఆలస్యంగా వాణ్ణి రువానా కిందికి తీసుకున్నానని, వాడు బరువుగా, వెచ్చగా ఉన్నాడని అనిపించింది. ఆ కలలోంచి లేవబుద్ధి కాలేదు.

పట్నంలో సెలైన్ పెట్టారు. శనివారానికి మాడు సమం అయింది. డాక్టరు కుర్రవాడు తల కొలిచి, ఇంకొన్ని గంటలు ఆగి ఉంటే కష్టమయ్యేదన్నాడు. దారిపొడవునా నీళ్ళు పోయడం మంచిదైందన్నాడు. ఈ బిడ్డను తలకిందులు చేశారా అని కూడా అడిగాడు. మా వైపు బిడ్డలందరి విషయంలో అడుగుతాడట. లేదన్నాను. నా పేరు తెలిసినట్టుంది, మళ్ళీ అడిగాడు. మళ్ళీ లేదన్నాను.

నడుస్తుందా అని అడుగుతావు. తెలియదు. ఎడమ కాలు కాస్త బిగువుగా ఉందని నుబియా అంటుంది. రోజూ పొద్దున ఆమె నేర్చుకొచ్చిన కదలికలు చేయిస్తున్నాం, పాపకు తను, అబెలీనోకు నేను. వాడు గిలిగింతలంటూ నానా గోల చేస్తాడు. ఈ వయసులో వాడికి ఏం ఒరుగుతుందో నాకు తెలియదు.

ఎర్మెలిందా ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు. నిన్న ఇంకెవరో కొత్త కోడలు బిడ్డను ఎత్తుకుని వచ్చింది, మాడు కుంగిందని. తిప్పనన్నాను. వెళ్ళిపోతానంది. వెళ్ళవద్దు, కూర్చో, బిడ్డను ఇలా నిలువుగా పట్టుకో అన్నాను. చెంచా ఆమె చేతికిచ్చి, నేను పక్కన కూర్చున్నాను. గంట కూర్చున్నాం, ఏమీ చేయకుండా, చుక్క చుక్కగా. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఇంత కష్టమని నాకు ఎవరూ చెప్పలేదురా.

మీ పెద్దమ్మ,
ఎతెల్వినా